మా ఇనుప వంతెన కిందికి ఒక్కసారి దిగి చూడండి
వంతెనల బాధ్యత చూసే అధికారులకు, ఇంజనీర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, ఇంజనీర్లకు,

నమస్కారాలు. మీలో చాలామంది ఎండనక వాననక తిరిగి పనిచేసేవాళ్లేనని మాకు తెలుసు. అందుకే ఇంకెక్కడికీ పోకుండా ముందు మీకే రాస్తున్నాను.

నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పారిశ్రామికవాడలో ఇరవై ఆరేళ్లుగా ఫిట్టర్ పని చేస్తున్నాను. మా కాలనీ వాగుకు ఈ ఒడ్డున ఉంది, ఫ్యాక్టరీలు ఆ ఒడ్డున ఉన్నాయి. రెంటినీ కలిపేది ఒక పాత ఇనుప వంతెన. పొద్దున ఆరింటి షిఫ్టుకు, మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకు, రాత్రి పదింటి షిఫ్టుకు మేమంతా దాని మీదుగానే పోయి వస్తాం. సర్కారు బడి, రేషన్ షాపు, బస్టాండు కూడా ఆ ఒడ్డునే. వంతెన మూసేస్తే రోడ్డు మీద పద్నాలుగు కిలోమీటర్లు తిరిగి రావాలి.

ఈ వంతెన గురించి మూడేళ్లలో నాలుగు అర్జీలు ఇచ్చాం. సోమవారం అర్జీలు తీసుకునే రోజున లైన్‌లో నిలబడి, రశీదు తీసుకుని మరీ ఇచ్చాం. మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండోదానికి, ఈ వంతెన మా శాఖ పరిధిలోకి రాదని ఒక శాఖ రాసింది. మూడో అర్జీని ఇంకో శాఖకు ఇస్తే, మా రికార్డుల్లో ఈ వంతెనే లేదన్నారు. నాలుగో అర్జీ తర్వాత ఒక బోర్డు వచ్చింది. ‘ప్రమాదకరమైన వంతెన, భారీ వాహనాలకు ప్రవేశం లేదు’ అని ఎర్ర అక్షరాలతో రాసి పాతారు. రెయిలింగుకు పసుపు, నలుపు చారలు కొట్టారు. అంతటితో పని అయిపోయింది. చీకటి పడ్డాక కంకర టిప్పర్లు ఆ బోర్డు పక్క నుంచే పోతున్నాయి.

ఊరి పేరు, ఆఫీసు పేరు, సార్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవన్నీ మా అర్జీల మీద ఉన్నాయి. ఒకరిని పట్టుకుని నిలదీయాలని కాదు ఈ లేఖ. ఇలాంటి వంతెనలు మన దక్షిణ తెలంగాణలో మా ఒక్క ఊళ్లోనే లేవు. ఎవరి ఖాతాలోనూ లేని వంతెన ఎవరి ఊళ్లో ఉన్నా, ఇది వాళ్ల లేఖ కూడా.

ముందు వంతెన ఎలా ఉందో చెప్తాను. రాతి దిమ్మెల మీద ఇనుప గర్డర్లు, అంటే పొడవాటి దూలాలు, వాటి మీద రేకు పలకలు, పలకల మీద తారు. కీళ్లన్నీ రివెట్లే. వెల్డింగ్ ఎక్కడా లేదు. రివెట్‌ను ఎర్రగా కాల్చి, రంధ్రంలో పెట్టి, అటు ఒకరు ఆనించి పట్టుకుంటే ఇటు ఒకరు సుత్తితో తల కొడతారు. చల్లారేటప్పుడు రివెట్ కుంచించుకుపోయి రెండు ప్లేట్లనూ బిగించి పట్టుకుంటుంది. ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు తక్కువ. మా వంతెన రివెట్లు చూస్తే కొట్టినవాళ్లు ఎంత నిష్ఠగా కొట్టారో అర్థమవుతుంది. వరుస తప్పిన తల ఒక్కటి కనపడదు.

మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. చిన్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని వంతెనల కిందికి తీసుకుపోయేవాడు. చేతిలో చిన్న సుత్తి. రివెట్ తలకు ఒకవైపు వేలు ఆనించి, రెండోవైపు సుత్తితో మెల్లగా కొట్టేవాడు. గట్టి రివెట్ గంటలా ఖంగుమంటుంది. వదులైనది మొద్దు మోత మోగుతుంది, ఆనించిన వేలికి అదురు తగులుతుంది. వదులు రివెట్ తల చుట్టూ ఎర్రటి తుప్పు చార కూడా కిందికి కారి ఉంటుంది. ‘ఇనుము చెప్పకుండా పడదురా, మనం వినాలె’ అనేవాడు.

పోయిన ఎండాకాలం వాగు ఎండినప్పుడు మా కాలనీ పిల్లలు ఇద్దరిని వెంటబెట్టుకుని నిచ్చెన వేసి కిందికి దిగాను. చేతిలో మందం కొలిచే నా వెర్నియర్ ఉంది. గర్డరు నడుమ దగ్గర అడుగు ప్లేటు మందం 12 మిల్లీమీటర్లు చూపించింది. అదే ప్లేటు దిమ్మె మీద కూర్చునే చోట, చెత్తా బురదా పేరుకున్న చోట, గీకి చూస్తే 7 మిల్లీమీటర్లే మిగిలింది. బరువంతా దిమ్మెకు దిగేది సరిగ్గా అక్కడే. ఆ పక్కన పదకొండు రివెట్లు కొట్టి చూశాను. నాలుగు మొద్దుగా మోగాయి. రెండు ప్లేట్ల మధ్య తుప్పు చేరి ప్లేటు పెదవి విచ్చుకున్నట్టు వంగింది. తుప్పుకు అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు కావాలి. సందులో చేరిందంటే ఎంత మందం ప్లేటునైనా తోసేస్తుంది.

బేరింగుల సంగతి ఇంకా అన్యాయం. మన పాలమూరు ఎండలో ఇనుము ఎంత కాలుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. ముప్పై మీటర్ల గర్డరు చలికాలం తెల్లవారుజాము నుంచి మే నెల మిట్టమధ్యాహ్నానికి వచ్చేసరికి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు జరగడానికే కింద రోలర్ బేరింగులు పెట్టారు. మా వంతెన రోలర్లు మట్టిలో కూరుకుని కదలడం మానేశాయి. జరగనివ్వకపోతే గర్డరు ఏం చేస్తుంది? దిమ్మెను తోస్తుంది. దిమ్మె పైవరస రాళ్లలో జుట్టు మందం పగులు ఒకటి కనపడింది. ఫొటో తీసి నాలుగో అర్జీకి జత చేశాను.

నేను ఇంజనీర్‌ను కాదు. నా కొలతలే సరైనవని వాదించను. మీరు వచ్చి కొలవండి, తప్పని తేలితే సంతోషిస్తాను. ఇంతవరకూ బోర్డు పాతినవాళ్లు వచ్చారు, రంగు వేసినవాళ్లు వచ్చారు. కిందికి దిగినవాళ్లు మాత్రం ఒక్కరూ రాలేదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. వంతెన కూలితే ఏమవుతుందో ఈ నేలకు తెలిసినట్టు ఇంకో చోట తెలియదు.

1954 సెప్టెంబర్‌లో జనగామ దగ్గర వాగు పొంగి రైలు వంతెన దెబ్బతింది. రైలు వాగులో పడి వందమందికి పైగా చనిపోయారు. రెండేళ్లు తిరగకముందే, 1956 సెప్టెంబర్ 2న, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. మళ్లీ వందమందికి పైగా పోయారు. అప్పటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానన్నారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడులోని అరియలూరు దగ్గర ఇంకో రైలు వరదకు బలైంది. అప్పుడు శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. ఆ రాజీనామా గురించి అందరం బడిలో చదువుకున్నాం. అది మొదలైంది మన మహబూబ్‌నగర్ పక్కనే అని మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు. రైలు దిగి బడికి పోయే పిల్లలకు రోజూ దాటే తొవ్వలోనే ఆ చరిత్ర ఉంది.

2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున, అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. పైన చెరువు తెగి, ఆ నీళ్లు ఒక చిన్న రైలు వంతెనను ఊడ్చుకుపోయాయి. చీకట్లో వచ్చిన రైలుకు ముందు పట్టాల కింద కట్ట లేదు. మళ్లీ వందమందికి పైగా. దీపావళి ముందు రోజులు, ఇళ్లకు పోయేవాళ్లతో బండి నిండి ఉంది. అదే రోజు సాయంత్రం ఢిల్లీ బజార్లలో బాంబులు పేలాయి, దేశం చూపంతా అటు మళ్లింది. వలిగొండ మృతుల గురించి దేశం మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోలేదని నాకు ఇప్పటికీ బాధ.

మన తెలంగాణలోని ఈ మూడు చోట్లా వంతెన పాడుచేసింది నీళ్లే. పైన ఇనుము ఎంత గట్టిగా ఉన్నా, దిమ్మె కాలి కింద మట్టి కోసుకుపోతే గర్డరు గాలిలో నిలబడదు. ఇక్కడ మన తెలంగాణలో మరవకూడని సంగతి ఒకటుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. పై చెరువు కట్ట తెగితే కింది కట్టలు కూడా ఒకదాని వెంట ఒకటి తెగే ప్రమాదం ఉంది. వంతెన చూసే ఇంజనీరు వంతెన దగ్గరే నిలబడి చూస్తే సగమే కనపడుతుంది. పైన ఉన్న చెరువు కట్టను చూసే శాఖ వేరు, రైలు కట్టను చూసే శాఖ వేరు, రోడ్డును చూసే శాఖ వేరు. నీళ్లకు మాత్రం ఆ హద్దులు ఏవీ లేవు.

ఇక ఇనుమును చూసుకుంటే నిలిచిన వంతెనల సంగతి, చూసుకోక కూలిన వంతెనల సంగతి.

2012లో కంపెనీ పని మీద హౌరా వెళ్లాను. ఫౌండ్రీలు, వర్క్‌షాపులతో నిండిన ఊరు. అక్కడి వంతెనను చూడడానికి రెండు సాయంత్రాలు పోయాను. 1936లో పని మొదలుపెట్టి 1943 ఫిబ్రవరిలో రాకపోకలకు తెరిచారు. యుద్ధకాలం, జపాన్ విమానాల భయం, అందుకే పెద్ద ఉత్సవమేమీ చేయలేదు. మొత్తం 26,500 టన్నుల ఉక్కు పట్టింది. అందులో 23,000 టన్నులు మన టాటా వాళ్లే ఇచ్చారు. అంత పెద్ద వంతెనలో నట్టూ బోల్టూ లేవు, అంతా రివెట్లే. నా కళ్లు మాత్రం ఫుట్‌పాత్ పక్కన హ్యాంగర్ల మొదళ్ల మీదే ఆగిపోయాయి. పైనుంచి వంతెన బల్లను మోస్తూ దిగే ఇనుప కడ్డీలవి. నడిచిపోయేవాళ్లు ఉమ్మిన పాన్, గుట్కా ఆ మొదళ్లకు తొడిగిన ఇనుప రేకులను తినేస్తూ వచ్చింది. మూడేళ్లలోనే వాటి మందం సగానికి పడిపోయిందని కొలతల్లో తేలింది. మందం కొలిచారు కాబట్టే తెలిసింది. తెలిసింది కాబట్టే ఫైబర్ గ్లాస్ తొడుగులు వేశారు. రోజూ లక్షల మంది దాటే వంతెన ఎనభై ఏళ్లు దాటినా నిలబడి ఉందంటే ఇలాంటి చూపు వల్లే.

మన తెలుగువాళ్ల గోదావరి మీదే ఇంకో రుజువు ఉంది. రాజమండ్రి హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997 దాకా నడిచాయి. తమిళనాడులో రామేశ్వరం పోయే పాంబన్ రైలు వంతెన 1914 నాటిది. సముద్రపు ఉప్పుగాలిలో ఇనుము పాడైందని 2022 డిసెంబర్‌లో దాని మీద రైళ్లు ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన తెరిచారు. పాతదని ఎవరినీ తప్పుపట్టడం లేదు. నూరేళ్ల వంతెనకైనా చూసుకునేవాళ్లుంటే ఎప్పుడు ఆపాలో వాళ్లకు తెలుస్తుంది.

చూడనివాళ్ల సంగతి మోర్బీలో చూశాం. గుజరాత్‌లో మచ్ఛు నది మీద పాత వేలాడే వంతెనకు రిపేరు చేశామని 2022 అక్టోబర్ 26న తెరిచారు. 30న తెగింది. 135 మంది చనిపోయారు. చెక్క పలకలు తీసేసి అల్యూమినియం ఫ్లోరింగ్ వేశారు, కేబుల్ మాత్రం పాతదే ఉంచారు. ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు తిని ఉన్నాయని దర్యాప్తు బృందం తేల్చింది. మా రెయిలింగుకు పసుపు, నలుపు చారలు కొడుతున్న రోజున నాకు గుర్తొచ్చింది ఆ మోర్బీయే.

2025 జూన్ 15న పుణె దగ్గర ఇంద్రాయణి నది మీద పాత ఇనుప నడక వంతెన కూలి నలుగురు చనిపోయారు. అక్కడ కూడా ప్రమాదం అని బోర్డు ఉంది. కొత్త వంతెన మంజూరై ఉంది, పని మొదలు కాలేదు. బోర్డు పాతితే బాధ్యత తీరదని చెప్పడానికి ఇంతకన్నా ఇంకేం చెప్పాలి?

దూరదేశంలో జరిగినదైనా ఒక్కటి చెప్పక తప్పదు. అమెరికాలో ఒహాయో నది మీద 1928లో కట్టిన సిల్వర్ బ్రిడ్జ్ 1967 డిసెంబర్ 15 సాయంత్రం ట్రాఫిక్ నిండి ఉన్నప్పుడు నిమిషంలో కూలింది. 46 మంది పోయారు. దర్యాప్తులో తేలింది ఒకే ఒక్క ఇనుప కడ్డీ చివర, పిన్ను దూర్చే కన్నం దగ్గర, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు. ఆ తర్వాతే ఆ దేశంలో రోడ్డు వంతెనలన్నిటినీ సాధారణంగా రెండేళ్లకు ఒకసారైనా తనిఖీ చేయాలని దేశవ్యాప్త నిబంధన వచ్చింది. అంత చిన్న పగులును దారిన పోయేవాడు చూడలేడు, బండి నడిపేవాడు చూడలేడు. చూడడం వచ్చినవాళ్లు కిందికి దిగితేనే కనపడుతుంది.

మా వంతెన ఇలాగే ఉంటే మా కాలనీలో ఎవరికి ఏమవుతోందో ఒకసారి వినండి.

1. షిఫ్టు మారే సమయానికి అరగంటలో బైకులు, ఆటోలు, సైకిళ్లు, నడిచేవాళ్లు అందరూ ఒకేసారి వంతెన మీద ఉంటారు. ఆ సమయంలో టిప్పర్ ఒకటి ఎక్కితే పలకలు ఎగిరెగిరి పడతాయి. రాత్రి పదింటి షిఫ్టుకు పోయే ఆడపిల్లలు టిప్పర్ లైటు కనపడితే వంతెన చివర ఆగి, అది దాటాక పోతున్నారు. ఆలస్యమైతే గేటు దగ్గర హాజరు కోసేస్తారు. భయపడినందుకు వాళ్లకు పడే జరిమానా అది.

2. కాంట్రాక్టు కూలీకి ఒక పూట పోతే ఒక పూట కూలి పోయినట్టే. పోయిన వానకాలం వాగు దిమ్మెల మీదిదాకా పొంగిన రెండు రోజులు వంతెన దాటొద్దన్నారు. మంచిదే. ఆ రెండు రోజుల కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పద్నాలుగు కిలోమీటర్లు తిరిగి పోయినవాళ్లకు ఆటో చార్జీలకే సగం కూలి పోయింది.

3. మా వీధిలో ఒక అమ్మాయికి నెలలు నిండి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్స్ వచ్చింది, బోర్డు చూసి వంతెన అవతలే ఆగింది. డ్రైవర్‌ను తప్పుపట్టను. బోర్డు ఉన్నాక బండి ఎక్కించడానికి అతనికి ధైర్యం ఎక్కడిది? మంచం మీద మోసుకుని వంతెన దాటించాం. నేనూ ఒక మూల పట్టుకున్నాను. తల్లీ బిడ్డా క్షేమం. ఆ రాత్రి వాన లేదు కాబట్టి సరిపోయింది. మా అవ్వల కాలంలో మంచం మీద మోసుకుపోయేవాళ్లని విన్నాను. 108కి ఫోన్ చేస్తే నిమిషాల్లో బండి వచ్చే ఈ రోజుల్లో, నా కళ్ల ముందే, ఫ్యాక్టరీ లైట్ల వెలుగులో, అదే మంచం.

4. బడి పిల్లలు. వంతెన పలకల మధ్య ఒక చోట బెత్తెడు సందు పడింది. కింద నీళ్లు కనపడతాయి. చిన్నపిల్లలు అక్కడికి రాగానే అన్నల చేతులు పట్టుకుంటారు. ఒక పాప చెప్పు జారి వాగులో పడితే ఆ రోజంతా బడిలో ఒంటి చెప్పుతో కూర్చుంది. మేమే చందా వేసుకుని ఆ సందు మీద చెక్క పరిచాం. చెక్క మీద తారు లేదు, వానకు జారుతుంది.

5. కూరగాయల వాళ్లు, పాలవాళ్లు. రైతు తెల్లవారుజామున మూట తలకెత్తుకుని దాటుతాడు. వంతెన పోతే మార్కెట్టు చేరేసరికి బేరం అయిపోతుంది.

6. మేము పాలమూరు వాళ్లం. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మా తాతలు, తండ్రులు గుంపు మేస్త్రీ వెంట పోయి మట్టి మోశారు. ఊరూరికీ తొవ్వ వేసినవాళ్ల పిల్లలు సొంత ఊళ్లో వాగు దాటడానికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటున్నారు. ఇది మా లెక్కలో చిన్న సంగతి కాదు.

మేము కోరేది అసాధ్యమైనదేమీ కాదు. కొత్త వంతెన రేపటికల్లా కట్టమనడం లేదు. డబ్బు, టెండరు, భూమి, ఇవన్నీ సమయం తీసుకుంటాయని మాకూ తెలుసు. ఆలోగా ఈ పనులు చేయండి.

1. ఈ వంతెన ఏ శాఖదో పదిహేను రోజుల్లో తేల్చి రాతపూర్వకంగా చెప్పండి. ఇద్దరూ కాదంటే జిల్లా యంత్రాంగం ఒకరికి అప్పగించాలి. జాతీయ రహదారుల వంతెనలకు గుర్తింపు నంబరు, పరిస్థితిని చెప్పే రేటింగ్ ఇచ్చే ఐబీఎంఎస్ అనే వ్యవస్థను కేంద్రం 2016లోనే మొదలుపెట్టింది. పెద్ద రోడ్ల వంతెనకు ఉన్న నంబరు మా వాగు వంతెనకు ఎందుకు ఉండకూడదు? జిల్లాలోని పాత ఇనుప వంతెనలు, రాతి వంతెనలు అన్నిటికీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, ఒక రిజిస్టర్ పెట్టండి.

2. వాగులో నీళ్లు రాకముందే, అంటే మృగశిర కార్తెకు ముందే, అర్హత ఉన్న ఇంజనీర్లు వంతెన కిందికి దిగి తనిఖీ చేయాలి. ప్లేట్ల మందం కొలవాలి, రివెట్లు కొట్టి చూడాలి, బేరింగులు శుభ్రం చేసి కదులుతున్నాయో చూడాలి, దిమ్మెల కాళ్ల దగ్గర మట్టి ఎంత కోసుకుపోయిందో చూడాలి. వానకాలం పోయాక మళ్లీ ఒకసారి.

3. తనిఖీలో ఏం తేలిందో తెలుగులో రాసి వంతెన దగ్గర, పంచాయతీ ఆఫీసులో అతికించండి. ఎంత బరువు మోయగలదో అంకెల్లో రాయండి. ‘ప్రమాదకరం’ అనే ఒక్క మాటతో మేమేం చేసుకోవాలి? దాటాలా, మానాలా?

4. టిప్పర్లను ఆపడానికి రెండు చివర్లా ఇనుప ఎత్తు పట్టీలు పెట్టండి. ఒకసారి పెట్టారు, నెల తిరక్కుండానే గుద్ది పడేశారు. ఈసారి కాంక్రీటులో పాతి పెట్టండి, రాత్రిపూట కనిపెట్టడానికి ఒక కెమెరా పెట్టండి. ఫ్యాక్టరీ యాజమాన్యాలను అడిగితే కరెంటు ఇవ్వడానికి ఒప్పుకుంటాయని అనుకుంటున్నాను. అడగడానికి మేము కూడా వస్తాం.

5. వలిగొండను మళ్లీ చూడొద్దు. వాగుకు పైన ఉన్న చెరువుల కట్టలు, మత్తడులు చూసే సిబ్బందికి, రోడ్డు వంతెన చూసేవాళ్లకు, రైలు కట్ట చూసేవాళ్లకు వానకాలం నాలుగు నెలలు ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర ఉండాలి. ఏ చెరువు తెగితే ఏ వంతెనకు ఎంతసేపట్లో నీళ్లు వస్తాయో ముందే లెక్క కట్టి పెట్టుకోవాలి. రాత్రి రెండింటికి చెరువు కట్ట మీద నిలబడిన నీరటికాడికి ఏ నంబరుకు ఫోన్ చేయాలో తెలిసుండాలి.

6. వంతెన మూయక తప్పదంటే ముందురోజే చెప్పి మూయండి, మూసినన్ని రోజులూ షిఫ్టు సమయాలకు ఒక బస్సు తిప్పండి. గర్భిణులకు, డయాలసిస్ రోగులకు వాగు ఈవలి ఒడ్డునే ఒక బండి ఉంచండి.

7. పాత వంతెనను తీసేసే రోజు వస్తే దాన్ని తుక్కు ధరకు అమ్మేయకండి. ఒక గర్డరునైనా, ఒక రివెట్ ప్లేటునైనా ఐటీఐలో పెట్టండి. పిల్లలు చూసి నేర్చుకుంటారు. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య 1956లో పోయినవాళ్ల కోసం, వలిగొండలో 2005లో పోయినవాళ్ల కోసం, రైలు దిగేవాళ్లకు కనపడేచోట, తేదీ, ఏం జరిగింది అని తెలుగులో రాసిన రాయి ఉండాలి. ఖర్చు ఎంతవుతుంది? ఒక బోర్డుకు అయినంతే.

సార్, మేడమ్, మీ మీద కోపంతో రాసిన లేఖ కాదు ఇది. మా నాయిన రిటైరయ్యే రోజున తన సుత్తి నా చేతికిచ్చాడు. చెక్క పిడి అరిగి ఆయన బొటనవేలు ఆనే చోట గుంట పడింది. ఇప్పటికీ నా టూల్ బాక్సులోనే ఉంది. పోయిన ఎండాకాలం ఆ పదకొండు రివెట్లు కొట్టింది దానితోనే.

వచ్చే సోమవారం ఐదో అర్జీ ఇస్తున్నాం. ఈ లేఖ కాపీ దానికి జత చేస్తున్నాం, కాలనీవాసులు 412 మంది సంతకాలు, వేలిముద్రలు వేశారు. వాగులో ఇప్పుడు నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. ఏ రోజు వస్తారో ఒక్క ఫోన్ చేయండి. నిచ్చెన కాలనీవాళ్లు తెస్తారు, వెర్నియర్, సుత్తి నేను తెస్తాను. దిమ్మె దగ్గర చెత్త ముందురోజే ఎత్తిపెట్టి ఉంచుతాం.

ఇట్లు,
ఒక ఫిట్టర్, వాగు ఈవలి ఒడ్డు కాలనీ ప్రజల తరఫున,
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా